పంచమి దాకా ఆగు

జూలై 9, బుధవారం

మధ్యాహ్నం పెద్ద డ్రైయర్ వెనక ఒక దిండు గలేబు జారిపడింది. తీద్దామని చెయ్యి పెట్టాను. పలచగా, గరగరలాడుతూ ఏదో తగిలింది. ఉతికిన బట్టల మీద తొడిగే ప్లాస్టిక్ కవరనుకుని లాగాను. వస్తూనే ఉంది. చెయ్యంత పొడుగు బయటికొచ్చాక గాని అర్థం కాలేదు.

కుబుసం.

నేను అరిచానట. నాకు గుర్తులేదు. ఇస్త్రీ బల్ల దగ్గరున్న మా ఆయన, ఎవరో పిల్లి పీక నొక్కారనుకున్నానని నవ్వాడు. మోచేతి దాకా డిటర్జెంటుతో కడుక్కున్నాను. మళ్లీ కడుక్కున్నాను. ఇది రాస్తుంటే కూడా ఆ గరగర వేళ్లకి అంటుకునే ఉంది.

వదిన వచ్చింది. మా ఆయనకి అక్క, ఈ లాండ్రీకి యజమాని, ఈ ఇంట్లో మాటంటే ఆవిడదే. కుబుసాన్ని రెండు చేతులతో ఎత్తి కళ్లకద్దుకుంది. పసుపు గుడ్డలో చుట్టి దేవుడి అలమరలో పెట్టింది. ఏటా పాలు పోసే పుట్టని పార్కింగ్ కోసం చదును చేసేశారు కదా, మనం వెళ్లడానికి చోటు లేదని నాగమయ్యే మనింటికొచ్చాడు అంది. ఎవరికీ చెప్పొద్దు, ఎవర్నీ పిలవొద్దు, ఆయనకి హాని తలపెట్టిన వాళ్లు ఈ గడపలో ఉండొద్దు అంది. అంటున్నంతసేపూ ఒక చెయ్యి కడుపు మీదే ఉంది.

ఆ చెయ్యి చూశాక నేనేం మాట్లాడతాను?

జూలై 10

వదినకి నాలుగో నెల దాటింది. తల సగం నెరిశాక నిలిచిన కడుపు. అంతకుముందు నిలవనివి ఎన్నో, వాటి లెక్క ఆవిడా చెప్పదు, మేమూ అడగం. నాగదోషం అని ఎవరో అన్నారట. అప్పట్నుంచీ నాగపంచమికి ఒక్క ఏడు కూడా తప్పకుండా పుట్టలో పాలు పోసింది. అన్నయ్య, అంటే వదిన మొగుడు, వ్యాన్‌లో బట్టల మూటలు దించి, ఎండలో పాలచెంబు పట్టుకుని వెనకాల నడిచేవాడు. మొన్న వేసవిలో కడుపని తెలిసిన రోజు ఆ మనిషి వ్యాన్ వెనక్కి వెళ్లి మురికి దుప్పట్లలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నేను చూశాను.

అందుకే వదిన నమ్మకాన్ని వెటకారం చేసే నోరు నాకు లేదు. కానీ నాకు ఐదేళ్ల పిల్ల ఉంది. ఇంట్లో చెప్పులు వేసుకోవే చిట్టీ అంటే ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేసుకుని పరిగెత్తే పిల్ల.

పాము అని పేరెత్తకూడదని వదిన ఆర్డరు. పురుగు అనాలి. చిట్టి, ఏ పురుగు, బొద్దింకా అని అడిగింది. కాదు, పెద్ద పురుగు అన్నాను. ఎంత పెద్దది అంది. ఎత్తుకుని మంచం మీద కూర్చోబెట్టాను.

జూలై 13, ఆదివారం

చూశాను.

పొద్దున షట్టర్ ఎత్తగానే వెలుతురు నేల మీద పరుచుకుంది. ఆ వెలుతురు అంచున, స్టీమ్ ప్రెస్ కింద, నల్లటి గొట్టం ఒకటి కదిలింది. రబ్బరు పైపు కదా అనుకున్నాను. పైపు మీద సుద్దముక్కతో గీసినట్టు సన్నటి తెల్లగీతలు. పైపు తనంతట తను డ్రైయర్ వెనక్కి వెళ్లిపోయింది. తొందర లేదు. సొంత ఇంట్లో నడిచినట్టే వెళ్లింది.

షట్టర్ కొక్కెం చేతిలో అలాగే ఉంది. ఎంతసేపు నిలబడ్డానో, పాలవాడు వచ్చి ఏంటమ్మా అలా ఉన్నారు అన్నాడు. ఏం లేదు, నడుం పట్టేసింది అన్నాను.

జూలై 14

మా ఆయనతో చెప్పాను. ఎవరినైనా పిలిచి పట్టించమన్నాను. పంచమి దాకా ఆగు అన్నాడు. పూజ అయ్యాక అక్కే మెత్తబడుతుందట. తల్లి పోయాక తనని పెంచింది అక్కే, ఇప్పుడు వట్టిమనిషి కూడా కాదు, ఎదురు చెప్పలేనన్నాడు. ఈయనది ఎప్పుడూ ఇంతే. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. మరి మన పిల్ల సంగతి అన్నాను. మంచం మీదే పడుకుంటున్నాం కదా అన్నాడు. అని, తనే వెళ్లి మంచం కిందకి టార్చి వేసి చూశాడు. భయం లేదట ఆయనకి.

జూలై 15, మంగళవారం

మంగళవారం ఆసుపత్రి దుప్పట్లు వస్తాయి. ప్రతి మూటనీ పొడుగాటి హ్యాంగరుతో పొడిచి, దులిపి, దూరంగా నిలబడి విప్పాను. రెండు గంటల పని మధ్యాహ్నం దాకా పట్టింది. ఏమైంది నీకు ఇవాళ, మూటల్లో బాంబులున్నాయా అంది వదిన.

ఉతికినవి అప్పజెప్పడానికి నేనే వ్యాన్‌లో వెళ్లాను. అక్కడి స్టాఫ్ నర్సు నాతో బాగా మాట్లాడుతుంది. మా చుట్టాలింట్లో ఇలాంటిది కనబడిందట అని అబద్ధమాడి, నలుపు, తెల్లగీతలు అని చెప్పాను. ఆవిడ రాస్తున్న పెన్ను ఆపేసింది. అది కట్లపాము, నాగుపాములాగా పడగెత్తి బెదిరించదు, నిద్రలో ఉన్నవాళ్లని కరుస్తుంది, చాలామందికి కరిచినట్టే తెలీదు అంది. నొప్పి ఉండదట. గాటు కూడా కనబడదట ఒక్కోసారి. పొద్దున లేచేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం. ఆ తర్వాత ఊపిరి.

మీ చుట్టాల్ని నేల మీద పడుకోవద్దని చెప్పు అని, పాములు పట్టేవాళ్ల నంబరొకటి రాసిచ్చింది. సరే అన్నాను.

జూలై 18, శుక్రవారం

వదిన సాక్సులు జతలు కలుపుతూ చిట్టికి పంచమి కథ చెప్పింది. రైతు నాగలి దున్నుతుంటే కర్రు కింద పడి పాముపిల్లలు చచ్చిపోయాయి. తల్లిపాము పగబట్టి వచ్చి రైతునీ, పెళ్లాన్నీ, కొడుకుల్నీ కరిచింది. అత్తవారింట్లో ఉన్న కూతుర్ని కూడా కరుద్దామని వెళితే, ఆ పిల్ల పాలు, పూలు పెట్టి దణ్ణం పెడుతోంది. తల్లిపాము మనసు కరిగింది. పాలు తాగింది. నీకేం కావాలి అని అడిగింది.

చిట్టి నోరు తెరుచుకుని వింది. వదిన మొహం వెలిగిపోతోంది. ఆవిడకి ఆ కథలో వినబడేది ఆ చివరి ప్రశ్న. నాకు వినబడింది మటుకు ఒక్కొక్కర్నీ వరసగా కరుచుకుంటూ పోవడం.

జూలై 21, సోమవారం

నిన్నటి నుంచి డ్రైయర్ వెనక గిన్నెలో పాలు పెడుతోంది వదిన. నిన్నా ఖాళీ. ఇవాళా ఖాళీ. ఆయన స్వీకరించాడు అని అన్నయ్యకి ఫోన్ చేసి మరీ చెప్పింది.

జూలై 23

గిన్నె ఖాళీ చేస్తున్నది ఎవరో తెలిసింది.

చిట్టి పై పెదవి మీద తెల్లటి మీసం. మోకాళ్లకి డ్రైయర్ నూగు. పురుగు తాగట్లేదమ్మా, పాలు పాడైపోతాయని నేను తాగేస్తున్నాను అంది. ఎలా వెళ్లావే లోపలికి అంటే, పాక్కుంటూ అని చేసి చూపించింది. అక్కడ గోడకి కన్నం ఉంది, చల్లగా లేదు వెచ్చగా ఉంది, చెయ్యి పెట్టాను అంది.

చెయ్యి పెట్టిందట.

వీపు మీద ఒక్కటిచ్చాను. వెంటనే ఒళ్లంతా తడిమాను. వేళ్ల సందులు, మణికట్టు, మోచేతులు, మెడ. ఏడుస్తూ, అమ్మా చక్కిలిగిలి అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. కనురెప్పలు పైకెత్తి చూశాను. ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు చెప్పించాను. మళ్లీ గంటకి చెప్పించాను. సాయంత్రానికి పిల్ల నా మీద విసుక్కుంది.

పంచమి లేదు, గించమి లేదు. రేపే పిలుస్తాను.

జూలై 24, గురువారం

వదిన, అన్నయ్య స్కానింగ్‌కి వెళ్లారు. నర్సు ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. పాములు పట్టే మనిషంటే మీసాలాయన ఎవరో వస్తాడనుకున్నాను. పెద్ద ఎర్ర ఎల్ అక్షరమున్న కారులో ఒక ఆడమనిషి దిగింది. డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుందట. పాముల్ని పట్టి అడవిలో వదలడం ఖాళీ ఉన్నప్పుడు చేసే పనట. స్టీరింగ్ పట్టుకున్న పెళ్లికూతుళ్ల కంటే పాములే నయం అంది. నవ్వాలని నాకు ఆలస్యంగా తెలిసింది.

డ్రైయర్ల వెనకంతా వెతికింది. దొరకలేదు. గోడలో పగులు ఉంది, లోపలికి ఎంత దూరం పోయిందో తెలీదు, పగలు దూరితే బయటికి రాదు అంది. కుబుసం చూపించమంది. దేవుడి అలమరలోంచి తీసి, పసుపు గుడ్డతో సహా బల్ల మీద పెట్టాను. వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. వీపు మధ్య పొలుసులు పెద్దవిగా ఉన్నాయి, కట్లపామే, అనుమానం లేదు అంది. పిల్లని మంచం మీదే పడుకోబెట్టు, దోమతెర కట్టి అంచులు పరుపు కిందకి దోపు, కనబడితే కదలకుండా చూస్తూ నాకు ఫోన్ చెయ్యి, మీరెవరూ ముట్టుకోవద్దు అంది.

కుబుసం ఎలా ఉన్నది అలాగే చుట్టి పెట్టాననుకున్నాను.

జూలై 25, శుక్రవారం

పసుపు గుడ్డ ముడి మారిందట. వదిన కనిపెట్టింది.

దాచలేదు. అంతా చెప్పేశాను. చిట్టి పాలు తాగింది, కన్నంలో చెయ్యి పెట్టింది, అది నాగుపాము కూడా కాదు, కట్లపాము అని. ఏ రూపంలో వస్తే ఆయన కాకుండా పోతాడా అంది. వదినా, మీకు దణ్ణం పెడతాను, మీ బిడ్డ కోసమే చెబుతున్నాను అన్నాను. నీ ఒళ్లో ఒకతి ఉంది కాబట్టి నీకన్నీ తెలుసు, నేను ఇన్నేళ్లూ ఎవరి కాళ్లు పట్టుకుని ఇక్కడిదాకా వచ్చానో నీకేం తెలుసు అంది.

గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

ఇవాళ్టి నుంచి పంచమి దాకా వ్రతమట. నేల మీద చాప వేసుకుని, దేవుడి అలమర ముందు పడుకుంటుందట. అలమర ఉన్నది డ్రైయర్ల గది పక్కనే. మధ్యలో తలుపు కూడా లేదు. కర్టెను.

జూలై 26

ఇవాళ ఏమీ కనబడలేదు. కనబడకపోతే ఇంకా భయంగా ఉంది.

జూలై 27, ఆదివారం

చాప తీసి పైన వాటర్ ట్యాంకు వెనక దాచాను. వదిన వట్టి నేల మీదే దుప్పటి పరుచుకుంది. చాప మళ్లీ నేనే తెచ్చిచ్చాను.

మా ఆయనా, అన్నయ్యా కూడా బతిమాలారు. వినలేదు. చివరికి దోమతెరకి ఒప్పుకుంది. దోమలకైతేనే సుమా అంది. నాలుగు మూలలా నేనే కట్టి అంచులు చాప కిందకి దోపాను. మాటిమాటికీ బాత్రూంకి లేవాలి, ఈ ఒక్క వైపు వదిలెయ్ అంది. రెండు రోజుల తర్వాత నాతో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది. కాదనలేకపోయాను. వదిలేశాను.

జూలై 28, సోమవారం. ఆసుపత్రి వరండాలో

ఇక్కడ కూర్చునే రాస్తున్నాను. రాయకపోతే కూర్చోలేను.

పొద్దున టీ తీసుకెళితే వదిన కడుపు పట్టుకుని చాప మీద ముడుచుకుని ఉంది. అన్నయ్య పక్కన కూర్చుని పాదాలు రుద్దుతున్నాడు. కడుపు మెలిపెడుతోంది, బిడ్డ, బిడ్డ అంటోంది. మాట ముద్దగా ఉంది. ఏడ్చి అలా ఉందేమో అనుకున్నాను. నన్ను చూడ్డానికి తల ఎత్తింది. తలే ఎత్తింది, రెప్పలు ఎత్తలేదు. గడ్డం పైకి లేపి, సగం మూసుకున్న కళ్ల కిందనుంచి చూసింది.

నర్సు చెప్పిన ప్రతి మాటా చెవిలో మోగింది. కాళ్లు, చేతులు అంతా వెతికాను. ఒక్క గాటు లేదు, ఒక్క చుక్క రక్తం లేదు. దోమతెర ఒక వైపు తెరిచే ఉంది.

చిట్టిని పక్కింటి టైలరమ్మకి అప్పగించి వదినని వ్యాన్ ఎక్కించాం. మా ఆయన ముందు, నేను వెనకాల మూటల మధ్య, వదిన తల నా ఒళ్లో. అన్నయ్య ప్రసూతి ఆసుపత్రి వైపు బండి తిప్పాడు. తిప్పడూ మరి, కడుపునొప్పి అంటుంటే? అక్కడికి కాదు, పెద్దాసుపత్రికి అన్నాను. వినబడలేదో, విననట్టున్నాడో. బిడ్డ పోతుందమ్మా అన్నాడు. కరిచిందన్నయ్యా, పాము కరిచింది అన్నాను. గాటేది అన్నాడు. తిప్పు బండి అని అరిచాను. తిప్పండి అనలేదు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ మనిషి ముందు కుర్చీలో కూడా కూర్చోలేదు నేను. తిప్పాడు.

వదినని మాట్లాడిస్తూ ఉండాలనిపించింది. ఏదో ఒకటి చెప్పండి వదినా అన్నాను. దాన్ని చంపొద్దు అంది. మాటలు ముక్కులోంచి వస్తున్నాయి. మాటివ్వు అంది. నా తల్లి మీద ఒట్టు, చంపనివ్వను, మీరు మాట్లాడండి అన్నాను. చిట్టికి కథ సగమే చెప్పాను అంది. అయితే నాకు చెప్పండి అన్నాను. కూతురు అడిగింది, మా అమ్మని, నాన్నని... అని ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. బతికించమని అడిగింది, తల్లిపాము విషం వెనక్కి తీసుకుంది, అందరూ లేచి కూర్చున్నారు, అంతేనా వదినా అన్నాను. నా వేలు నొక్కింది. తర్వాత నొక్కడం మానేసింది.

డ్యూటీ డాక్టరు నా మాట పూర్తిగా విన్నాడు. రెప్పలు ఎత్తి చూశాడు. గాటు లేకపోయినా సరే, ఇది అదే అన్నాడు. మా స్టాఫ్ నర్సు పరిగెత్తుకొచ్చింది. విషానికి విరుగుడు ఎక్కించారు. కాసేపటికి ఊపిరి ఆడక మెషీన్ పెట్టారు. బిడ్డ సంగతి అన్నయ్య అడిగాడు. ముందు తల్లిని నిలబెట్టనివ్వండి అన్నారు.

అద్దంలోంచి చూశాను. వదిన కింద ఉన్నది మేం ఉతికిన దుప్పటే. మూలన మా గుర్తు ఎర్రదారం.

జూలై 29, మంగళవారం. పంచమి

మెషీన్ తీయలేదు. కళ్లు తెరవలేదు.

చిట్టి బట్టల కోసం మా ఆయనా, నేనూ ఇంటికొచ్చాం. అలమర ముందు దోమతెర అలాగే వేలాడుతోంది. మా ఆయన దాన్ని లాగి, చాప చుట్టడానికి ఒక అంచు ఎత్తాడు. కింద ఉంది. చుట్టుకుని, తల చుట్ట మధ్యలో దాచుకుని.

ఫోన్ చేశాను. చూపు తిప్పకుండా నిలబడ్డాను. మా ఆయన లోపలికెళ్లి షట్టర్ ఇనపకొక్కెం తెచ్చాడు. ఆయన మొహం అలా ఎప్పుడూ చూడలేదు. చంపుతాను అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆయన కంటే నేనే ఎక్కువ అనుకున్నాను. ఆ నల్లటి చుట్టని చితక్కొట్టి, కాల్చి, బూడిద కాలవలో కలిపితే గాని నాకు నిద్ర పట్టదు. కానీ ఇద్దరి మధ్యలోకి వెళ్లి నిలబడ్డాను. నా వెనక అది, ముందు ఆయన. వీపు మొత్తం చెవులయింది. నేను మాటిచ్చాను అన్నాను. ఎవరికిచ్చావ్, ఆవిడ బతుకుతుందా అన్నాడు. అందుకే అన్నాను. కొక్కెం కింద పడేసి, చిన్నపిల్లాడిలా గోడకి తల ఆనించి ఏడ్చాడు.

డ్రైవింగ్ టీచర్ వచ్చింది. పొడుగాటి కడ్డీతో ఎత్తి, మూతకి కన్నాలున్న ప్లాస్టిక్ డబ్బాలోకి దించింది. అది పెనుగులాడను కూడా లేదు. డబ్బాకి గుడ్డ చుట్టి, కారు తలుపు తీస్తాను, కాస్త పట్టుకోమ్మా అంది.

పట్టుకున్నాను. బరువు లేదు. లోపల అది ఒకసారి మెల్లగా సర్దుకుంది, ఆ కదలిక డబ్బా గోడ దాటి నా అరచేతుల్లోకి వచ్చింది. భయం పోలేదు. కానీ పడేయలేదు.

కారు వెళ్లిపోయాక అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

జూలై 31

స్కానింగ్ వాళ్లు మెషీన్ తోసుకుంటూ లోపలికి వెళ్లారు. తలుపు వేశారు. అన్నయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

అదే రోజు, మధ్యాహ్నం

గుండె కొట్టుకుంటోంది. బిడ్డది.

ఆగస్టు 3, ఆదివారం

వదిన కళ్లు తెరిచింది. మెషీన్ తీశారు. గొంతు గీరుకుపోయి మాట రావట్లేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని నావైపు చూసింది. ఉంది వదినా అన్నాను. కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచి, ఇంకోటేదో అడిగినట్టు చూసింది. అది కూడా బతికే ఉంది అన్నాను. అడవిలో వదిలేశారు.

వదిన కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. తుడిచాను. ఎవరికోసం ఏడ్చిందో అడగలేదు.

ఆగస్టు 11, సోమవారం

వదిన ఇంటికొచ్చింది. మంచం మీదే పడుకుంటోంది. నాగమయ్యే బతికించాడని వచ్చినవాళ్లకి అన్నయ్య చెబుతుంటే వింటోంది. అవునని అనదు, కాదని అనదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజు బండిలో మీ అన్నయ్యని ఏకవచనంలో పిలిచావట కదా అంది. అవునన్నాను. ఇంకా గట్టిగా పిలవాల్సింది అంది.

ఆగస్టు 16, శనివారం

గోడ పగులు పూడ్చడానికి మేస్త్రీ వచ్చాడు. పెద్ద డ్రైయర్ జరిపి, పెచ్చులూడుతున్న గోడని ఉలితో కాస్త కొట్టాడు. లోపల నూగు మెత్తగా పేరుకుని ఉంది, పరుపులాగా. దానిమీద గుడ్డు పెంకులు. తెల్లగా, తోలులాగా, ముడుచుకుపోయి. గుప్పెడు పైనే.

అన్నీ చీలి ఉన్నాయి. అన్నీ ఖాళీ.

మేస్త్రీ ఉలి అక్కడే వదిలేసి రోడ్డు మీదకి వెళ్లిపోయాడు. నేను చిట్టిని ఎత్తుకుని ఇస్త్రీ బల్ల ఎక్కాను. వదిన కర్టెను పక్కకి తీసి నిలబడింది. పెంకుల్ని చూసింది. దణ్ణం పెట్టలేదు.

ఆగస్టు 17

ఇవాళ డ్రైవింగ్ టీచర్‌కి వదినే ఫోన్ చేసింది. చంటివి తల్లీ, దెబ్బ తగలకుండా పట్టండి అంది. ఫోన్ పెట్టేసే ముందు, ఒక్కటి కూడా మిగలనివ్వొద్దు అంది.